సూదిలో తోడు మందు

ఆ కుర్చీలు ఇంకాస్త దగ్గరికి జరుపుకోండి. పొగ మీ మొహాన కొడితే ఇటు రండి, నాకలవాటే. భోగి మంటలో విరిగిన మంచాలూ చెదలు పట్టిన తలుపులూ వేసే యోగం ఈ జర్మనీ దేశంలో లేదు. రంగేసిన చెక్క కాలిస్తే పక్కింటాయన ఊరుకోడు, మునిసిపాలిటీ అసలే ఊరుకోదు. అందుకని మా అల్లుడు దుకాణంలో కొనుక్కొచ్చిన ఎండుకట్టెలతోనే పండగ. తెల్లవారుజామున వెయ్యాల్సిన మంట పొద్దుగూకాక వేసుకున్నాం. మీకు కాలేజీ, వాళ్లకి డ్యూటీ, ఏం చేస్తాం.

ఈ అబ్బాయి మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ప్లేటు వేశారు. మనిషికి మెలకువగానే ఉందిట, చెయ్యి ఒక్కటే మొద్దుబారిందిట, మర్నాడు పొద్దుటిదాకా అది తన చెయ్యే కానట్టుందిట. "ఏం కలిపి ఉంటారు తాతగారూ, అంతసేపు ఉండటానికి?" అని వచ్చినప్పటినుంచీ నన్ను తినేస్తున్నాడు. ఏం కలిపారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది నాయనా, చదువుకో, నీ జర్మన్ పరీక్షకి కూడా పనికొస్తుంది. అసలు ఈ కలపడం అనే విద్య ఎక్కడ పుట్టిందో, మాదాకా ఎట్లా వచ్చిందో అది నేను చెప్తాను.

డెగ్గెన్‌డార్ఫ్‌లో కూర్చుని వినదగ్గ కథే ఇది. మ్యూనిక్ మీదుగా వచ్చే ఈజార్ నది ఈ ఊరి దిగువనే డాన్యూబ్‌లో కలుస్తుంది. నోవొకెయిన్ పుట్టింది ఆ మ్యూనిక్‌లో. ఇక్కణ్ణుంచి డాన్యూబ్ పాసౌ దాటి, లింజ్ దాటి వియన్నా పోతుంది. కొకెయిన్‌తో కంటికి మొట్టమొదట స్పర్శ పోగొట్టింది ఆ వియన్నాలో. ఈ ఊరివాళ్లని పాత కథ చెప్పమంటే 1266లో బొహీమియా రాజు సైన్యం ముట్టడించినప్పుడు మేయరు భార్య శత్రువుల వేగులవాణ్ణి ఉడికించిన ముద్ద పెట్టి కొట్టిందనీ, తిండికి కొదవలేని ఊరు లొంగదని సైన్యం వెనక్కి పోయిందనీ చెప్తారు. ఆవిడకి విగ్రహం కూడా ఉంది, చూసే ఉంటారు. మా మత్తు డాక్టర్లకి మాత్రం ఇక్కడెక్కడా విగ్రహాల్లేవు.

1884. వియన్నాలో కార్ల్ కోలర్ అని ఓ కుర్ర డాక్టరు, కంటి వైద్యం మీద మనసున్నవాడు. అతని స్నేహితుడు ఫ్రాయిడ్, మీరు విన్న ఆ ఫ్రాయిడే, కొకెయిన్ మీద పని చేస్తూ చేస్తూ, కాబోయే భార్యని చూసి రావడానికి ఊరెళ్లాడు. ఈలోగా కోలర్ ఆ మందు కప్ప కంట్లో వేశాడు, ఆపైన తన కంట్లోనే వేసుకుని గుండుసూది తలతో తాకి చూసుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఆ సెప్టెంబరులో హైడెల్‌బర్గ్‌లో కంటి డాక్టర్ల సభ జరిగితే, దారి ఖర్చులకి డబ్బుల్లేక తన పత్రాన్ని వేరే డాక్టరు చేత చదివించాడు. ఏడాది తిరక్కుండానే న్యూయార్కులో హాల్‌స్టెడ్ అనే సర్జన్ మెడ కోసి, చేతికెళ్లే నరాల మొదళ్లు కళ్లారా చూస్తూ వాటికి కొకెయిన్ ఇచ్చాడు. చేతికి బ్లాకు అంటే అదే మొదలు. పాపం, ఆ మందు తన మీదే ప్రయోగించుకుని ప్రయోగించుకుని దానికి బానిసయ్యాడు. మహా సర్జన్, బతుకంతా ఆ బాధ వదల్లేదు.

కొకెయిన్‌తో చిక్కేమిటంటే అది రక్తంలోకి పాకిందంటే విషం. నరం దగ్గర ఉన్నంతసేపే మందు, అక్కణ్ణుంచి కదిలితే ఫిట్సు, గుండె ఆగడం. కదలకుండా ఆపేదెట్లా? అమెరికాలో కార్నింగ్ అనే ఆయన 1885లోనే చేతికి రబ్బరు పట్టీ బిగించి చూశాడు. పట్టీ ఉన్నంతసేపూ తిమ్మిరి ఉంది. కానీ పట్టీని ఎంతసేపని బిగిస్తావు?

అప్పుడొచ్చాడు హైన్రిక్ బ్రౌన్. లైప్‌జిగ్‌లో సర్జన్. ఇక్కడ కాస్త నిదానంగా వినండి, మా విద్యకి మూలపురుషుడు ఈయనే. 1901లో న్యూయార్కులో ఉన్న జపాను శాస్త్రవేత్త తకమీనె పశువుల మూత్రపిండాల మీదుండే గ్రంథి నుంచి అడ్రినలిన్ స్ఫటికాలు తీశాడు. రక్తనాళాల్ని బిగించే పదార్థం అది. బ్రౌన్ దాన్ని చిటికెడంత కొకెయిన్‌లో కలిపి చూశాడు, ముందు తన చర్మం కిందే. పొలం గట్టు పూడ్చి మడిలో నీళ్లు నిలబెట్టినట్టు, చుట్టూ ఉన్న సన్ననాళాలు ముడుచుకుపోయి మందు అక్కడే నిలిచిపోయింది. మందు తక్కువ పట్టింది, తిమ్మిరి ఎక్కువసేపుంది, రక్తంలోకి పోయే విషం తగ్గింది. 1903లో అచ్చేశాడు. రసాయనంతో కట్టిన పట్టీ, టోర్నికే, అన్నాడు దాన్ని.

చేతి బ్లాకులో మొదటి తోడు మందు అదీ. మా వాళ్లు అడ్జువెంట్ అంటారు, నేను తోడు మందనే అంటాను. మరుసటేడే ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన హోక్స్ట్ కంపెనీలో స్టోల్జ్ దాన్ని పశువులతో పని లేకుండా ఫ్యాక్టరీలో తయారు చేశాడు. ఇంకో పక్క మ్యూనిక్‌లో ఐన్‌హోర్న్ నోవొకెయిన్ తయారుచేశాడు, 1905లో దాన్ని ఆపరేషన్లలోకి తెచ్చింది మళ్లీ బ్రౌనే. నోవొకెయిన్ మంచిదే, వ్యసనం లేదు, విషం తక్కువ. కానీ ఒంటరిగా ఇస్తే నాళాల్ని వదులు చేస్తుంది, రక్తం దాన్ని ఇట్టే కడిగేస్తుంది. అడ్రినలిన్ తోడుంటేనే అది పనికొచ్చింది. అంటే తోడు మందు లేకపోతే అసలు మందుకే నడక లేదన్నమాట.

తర్వాత బ్రౌన్ జ్వికావ్ అనే ఊళ్లో ఆసుపత్రికి పెద్దగా వెళ్లాడు, సాక్సనీలో. ఇప్పుడా ఆసుపత్రికి ఆయన పేరే ఉంది. అక్కడ ఆయన కింద పనిచేసే కూలెన్‌కాంఫ్ 1911లో మెడ కొయ్యకుండా, కాలర్ ఎముక పైనుంచి సూదితోనే చేతి నరాల గుత్తిని అందుకోవచ్చని చూపించాడు. మొదటి రోగి ఎవరనుకున్నారు? తనే. తన మెడలో తనే పొడుచుకున్నాడు. అదే ఏడు హైడెల్‌బర్గ్‌లో హిర్షెల్ చంకలోంచి పొడిచాడు. అప్పటికే మూడేళ్ల ముందు బెర్లిన్‌లో ఆగస్ట్ బియర్ రెండు పట్టీల మధ్య చేతి సిరలోకి నోవొకెయిన్ ఎక్కించి మోచేయి ఆపరేషన్ చేసేశాడు. చెయ్యి నిద్రపుచ్చడానికి మేం వాడిన దారులన్నీ దాదాపు ఈ దేశంలో ఓ నాలుగేళ్ల సంబరంలో పుట్టినవే.

మనవాళ్లకేం లేదా అని మొహం చిన్నబుచ్చుకోమాకండి. 1888, 89ల్లో నిజాం డబ్బిచ్చి హైదరాబాదు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో క్లోరోఫాం కమిషన్లు పెట్టించాడు, లారీ అనే దొర ఆధ్వర్యంలో. క్లోరోఫాం గుండెని ఆపదు, ఊపిరే ముందాగుతుంది, ఊపిరి చూసుకుంటే చాలని తేల్చారు. లోకమంతా గొడవపడింది. చివరికి 1911లో లండన్‌లో లీవీ పిల్లుల మీద చూపించాడు, పలచటి క్లోరోఫాం మత్తులో అడ్రినలిన్ తగిలితే గుండె వణికి ఆగిపోతుందని. చూశారా, కూలెన్‌కాంఫ్ సూదిలో రక్షించిన అడ్రినలిన్ అదే ఏడు ఇంకోచోట చంపేదిగా తేలింది. మా రోజుల్లో హాలోథేన్‌తో కూడా ఆ భయం ఉండేది. ఏ మందైనా దేని పక్కన పెట్టావన్నదే లెక్క.

ఇక మా రోజులు. 1970లు. కోస్తాలో ఓ పెద్దాసుపత్రి, పేరెందుకులే. చెరుకు గానుగలో చెయ్యి పడ్డ రైతు, పిండిమరలో వేళ్లు నలిగిన కుర్రాడు, తాటిచెట్టు మీంచి పడ్డ గీతకార్మికుడు, ఇట్లాంటి వాళ్లు వచ్చేవాళ్లు. వీళ్లలో ఒక్కడూ పరగడుపున రాడు. చద్దన్నం తిని పొలానికి పోయినవాడికి మధ్యాహ్నం చెయ్యి పోతే, ఆ కడుపుతో ఈథరు ఇస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉందో లేదో ఏ పూటకాపూట తట్టి చూసుకునేవాళ్లం. అందుకని చేతికి బ్లాకే మాకు ప్రాణం.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి తల అటు తిప్పించేవాణ్ణి. కాలర్ ఎముక మధ్యన, పైన, వేలు పెడితే ధమని కొట్టుకుంటూ తగులుతుంది. దానికి కాస్త బయటగా సూది దింపితే కింద మొదటి పక్కటెముక. నరాల గుత్తి ఆ ఎముక మీదుగా పోతుంది. ఎముక తగలకుండా సూది ఇంకా దిగిందంటే అక్కడ ఊపిరితిత్తి కొన ఉంటుంది, గాలి బయటికొచ్చి రొమ్ములో నిండుతుంది. కాబట్టి వేలి కింద ఏముందో ఆలోచించుకుంటూ వెంట్రుకవాసి చొప్పున పోవాలి.

"జివ్వుమంటే చెప్పు పెద్దాయనా, కదలమాకు."

"ఇంకా రాలే... ఇంకా రాలే... వచ్చింది బాబో! బొటనేలిదాకా వచ్చింది!"

ఆ కేక కోసమే పడిగాపులు. అది వినగానే సూదిని రాయిలా పట్టుకుని మందు ఎక్కించేవాణ్ణి. చంకలో పొడిచే పద్ధతి తర్వాత నేర్చుకున్నాం, నరానికి చిన్న కరెంటు ఇచ్చి వేలు ఎగరడం చూసే పెట్టె ఇంకా తర్వాత.

ఆ మందు తయారుచేసే తీరు చెప్తాను. గాజు సిరంజీలు, ఉడకబెట్టినవి. అడ్రినలిన్ ఆంపూల్‌లో 1 మిల్లీలీటరు ఉంటుంది, అందులో 1 మిల్లీగ్రాము మందు. దాని మెడ విరిచి, సన్నటి ట్యుబర్‌క్యులిన్ సిరంజీలోకి పదోవంతే, 0.1 మిల్లీలీటరు, లాగాలి. దాన్ని 20 మిల్లీలీటర్ల లిగ్నోకెయిన్‌లో, అంటే నోవొకెయిన్ బదులు మేం వాడిన మందులో, కలిపితే రెండు లక్షల్లో ఒక వంతు, మిల్లీలీటరుకి 5 మైక్రోగ్రాములు. సిరంజీ గీతల మీద కళ్లు ఒక్కసారి జారితే పదింతలు పడుతుంది. అందుకని మా ప్రొఫెసరుగారి ఆజ్ఞ, లాగింది ఒకరైతే గీత చూసి పైకి చదివేది ఇంకొకరు. చదివి వినిపించాకే కలపాలి. థియేటరులో ఎంత రద్దీ ఉన్నా ఆ ఒక్క క్షణం అందరూ నోరు మూసుకునేవాళ్లు.

లెక్క చూడండి. వట్టి లిగ్నోకెయిన్ కిలో బరువుకి 3 మిల్లీగ్రాములు దాటకూడదు, అడ్రినలిన్ కలిస్తే 7 దాకా పోవచ్చని మా చదువు. 50 కిలోల కూలీమనిషికి 150 ఎక్కడ, 350 ఎక్కడ! ఒక శాతం మందు 15 మిల్లీలీటర్లకే ఆగిపోవాలి, అది నరాల గుత్తి అంతా తడవడానికి చాలదు. తోడు మందు ఉంటే 30 పొయ్యొచ్చు.

ఇంకోటి కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. అప్పట్లో మాకు సూది మొన ఎక్కడుందో చూసే సాధనం లేదు. పక్కనే పెద్ద రక్తనాళం. మందు పొరపాటున అందులోకి పోతుంటే తెలిసేదెట్లా? మొదట రెండు మూడు మిల్లీలీటర్లు ఇచ్చి ఆగి, రోగి నాడి మీద వేళ్లు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నిమిషం లోపల నాడి గబగబా పెరిగిందా, అడ్రినలిన్ నెత్తురులో పడిందన్నమాట. సూది తీసెయ్. ఎక్కువసేపు నిలవడం సరే, ఆ హెచ్చరిక విలువ వేరు. గుండెజబ్బు, బీపీ బాగా ఉన్నవాళ్లకి మాత్రం ఆ తోడు పెట్టేవాళ్లం కాదు.

వేళ్లకి మాత్రం అడ్రినలిన్ తగలనివ్వకూడదని ఒక శాసనం ఉండేది. చివరి నాళాలు మూసుకుపోయి వేలు కుళ్లిపోతుందని పుస్తకాలన్నీ బెదిరించేవి. ఎండీ వైవాలో అది చెప్పకపోతే ఇంటికే. ఆ శాసనాన్ని కెనడాలో లలోండ్ అనే చేతి సర్జన్ 2005లో కొట్టిపారేశాడు. వేళ్లకీ అరచేతికీ పలచటి అడ్రినలిన్ కలిపిన మందు ఇచ్చిన 3,110 కేసులు వరసగా చూపించాడు, ఒక్క వేలూ పోలేదు. పాత రోజుల్లో పోయిన వేళ్లకి కారణం నిలవ ఉండి ఆమ్లంగా మారిన నోవొకెయిన్ అయ్యుండాలని తర్వాత వాళ్లు వాదించారు. ఇప్పుడు ఎంతోమంది చేతి సర్జన్లు పట్టీ లేకుండా, మత్తు డాక్టరు కూడా లేకుండా, రోగితో కబుర్లాడుకుంటూ స్నాయువులు కుట్టేస్తున్నారు. మా పొట్ట కొట్టారనుకో, అయినా సంతోషమే.

సోడా కలిపేవాళ్లం, అదీ చెప్పాలి. సీసాలోనే అడ్రినలిన్ కలిపి అమ్మే లిగ్నోకెయిన్ పులుపుగా ఉంటుంది, అది చెడకుండా అట్లా చేస్తారు. పుల్లటి మందు నరంలోకి నిదానంగా ఎక్కుతుంది. 10 మిల్లీలీటర్లకి 1 మిల్లీలీటరు సోడియం బైకార్బనేట్ వేస్తే త్వరగా పట్టేది. అదే చేత్తో ఇంకో తిమ్మిరి మందు బుపివకెయిన్‌కి కూడా వేశారంటే అయిపోయిందే. కళ్లముందే సిరంజీలో తెల్లగా పాలు విరిగి తేలుతుంది. దానికి ఇందులో పదోవంతే. కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లకి కావాలని ఒకసారి విరగ్గొట్టి చూపించేవాణ్ణి.

బుపివకెయిన్ వచ్చాక రోజులు మారాయి. లిగ్నోకెయిన్ మూడు నాలుగు గంటలైతే ఇది పూటంతా ఉండేది. మనిషి ఆశకి అంతుండదు కదా, దాన్ని ఇంకా సాగదీయాలని మొదలుపెట్టాం. మార్ఫిన్ కలిపారు, ఈ దేశపు ట్రమడాల్ కలిపారు, బుప్రెనార్ఫిన్ కలిపారు. చివరిది నొప్పి బాగానే ఆపేది, రోగి మాత్రం రాత్రంతా బకెట్టు దగ్గర పెట్టుకుని వాంతులు. కెటమిన్ కలిపినవాళ్లున్నారు, మిడజొలాం కలిపినవాళ్లున్నారు. మిడజొలాం నరాల కణాల్నే దెబ్బతీస్తుందని ప్రయోగశాలల్లో తేలాక దాని జోలికి పోవద్దన్నాం. నరం పక్కన పెట్టడానికని తయారు కాని మందుని, అందులో ఏ నిలవ పదార్థం ఉందో చూడకుండా, అందుబాటులో ఉంది కదా అని పెట్టడం నాకెప్పుడూ నచ్చలేదు.

వీటన్నిట్లో క్లోనిడిన్ కథ చెప్పకపోతే ఈ మంటకి అర్థం లేదు. రైన్ నది ఒడ్డున ఇంగెల్‌హైమ్ అని ఊరుంది, బోరింగర్ కంపెనీ ఊరు. 1960ల మొదట్లో వాళ్లు జలుబుకి ముక్కులో వేసే చుక్కల మందు వెతుకుతున్నారు. అడ్రినలిన్ వంశం లాంటిదే, ముక్కులో నాళాలు ముడుచుకుంటే జలుబు దిగుతుందని ఆశ. ఆఫీసులో ఒక సెక్రటరీకి జలుబు చేసింది. రెండు చుక్కలు వేసుకుంటావా అన్నారు. వేసుకుంది. ఆవిడ పడుకుని ఓ పగలూ ఓ రాత్రీ లేవలేదు. బీపీ పడిపోయింది, నాడి నెమ్మదించింది, నోరెండిపోయింది. ఆ మందు జలుబుకి పనికిరాలేదు కానీ 1966లో బీపీ బిళ్లగా బజారుకొచ్చింది. మన దగ్గరా ఎంతమందో మింగారు.

ఆ బిళ్ల మందు సూదిలోకి వచ్చి, బ్లాకులో చేరింది. అడ్రినలిన్ లాగా నాళాల్ని ముడిచి పనిచేస్తుందనుకున్నారు మొదట. కాదట. నరం ఒక సంకేతం పంపాక మళ్లీ తయారవ్వడానికి వాడుకునే ఒక సన్నటి ద్వారం ఉంది, దాన్ని మూస్తుందట. అందుకే నొప్పి మోసే సన్న నరాల మీద ఎక్కువ పట్టు. ఇదే దేశంలో మ్యూన్‌స్టర్ డాక్టర్లు 2009లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి కూడితే, తిమ్మిరి సుమారు రెండు గంటలు పెరిగిందని తేలింది. దానికి కట్నంగా బీపీ తగ్గడం, నాడి మందగించడం, మగత. సెక్రటరీ గారికి వచ్చినవే అన్నీ!

తర్వాత దాని చెల్లెలొచ్చింది, డెక్స్‌మెడెటొమిడిన్. ఫిన్లండ్‌లో పుట్టింది. ముందు దాని కవల పశువైద్యుల చేతిలో కుక్కల్నీ పిల్లుల్నీ నిద్రపుచ్చింది, 1999లో మనుషులకి వాడొచ్చని అమెరికా ఒప్పుకుంది, మన మందుల షాపులకి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. వచ్చిందే తడవు, ఇక చూస్కోండి! ఆంధ్రా తెలంగాణల్లో ఏ మెడికల్ కాలేజీ లైబ్రరీకైనా పోయి ఎండీ అనస్థీషియా థీసిస్‌ల బీరువా తెరవండి. కాలర్ ఎముక పైన బ్లాకులో ఆ మందు మేలా ఈ మందు మేలా, ఈ మందు యాభై మైక్రోగ్రాములు మేలా వంద మేలా. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, లోపల అవే పట్టికలు. పట్టడానికి ఎన్ని నిమిషాలు, పోవడానికి ఎన్ని నిమిషాలు. పిల్లల్ని తప్పుపట్టను. రోగులు దండిగా ఉన్నారు, మందు చవక, ఏడాదిలో ముగించొచ్చు, గైడుకీ సుఖం. కానీ ఆ పట్టికల్లో ఎక్కువసేపు ఉన్నదే గెలిచినట్టు. ఆ రాత్రి ఆ మనిషి ఎట్లా పడుకున్నాడు, ఎవరు లేపారు, మొద్దు చెయ్యి మంచం కమ్మీకి కొట్టుకుందా, ఆ గడి ఉన్న పట్టిక చాలా అరుదు.

వెనకటి స్టెరాయిడే, డెక్సామెథసోన్, చివరికి అందరికన్నా ముందుకొచ్చింది. ఉబ్బసానికీ వాపుకీ ప్రతి క్లినిక్కులో ఉండే మందు, వక్కపొడి పొట్లమంత ఖరీదు. ఒక వయల్ 8 మిల్లీగ్రాములు బ్లాకులో కలిపితే చెయ్యి మర్నాటిదాకా లేవదు, సగం వేసినా దాదాపు అంతే. అయితే బెల్జియంలో 2013లో ఒక పని చేశారు. భుజం ఆపరేషన్లకి కొందరికి అది నరం పక్కన ఇచ్చారు, కొందరికి మామూలుగా సిరలోకి ఇచ్చారు. నొప్పి తిరిగొచ్చేదాకా పట్టిన సమయం ఇద్దరికీ ఒక్కటే. 2017లో, ఇట్లాంటి పరీక్షల్ని కూడి తేల్చే కాక్రేన్ సంస్థ వాళ్లు అన్నీ గుచ్చి చూస్తే నరం పక్కనా ఆరు గంటలపైన, సిరలోనూ ఆరు గంటలపైన పెరిగింది. మరి నరం పక్కన పెట్టడం దేనికి? నరం పక్కన వాడమని ఆ వయల్ మీద ఏ కంపెనీ రాయలేదు. సెలైన్‌లో వేస్తే సరిపోయేదాన్ని నరం మీద పొయ్యడం నా మనసుకి ఎక్కదు. మా ఫీల్డులో కాదనేవాళ్లు ఉన్నారు, వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి.

ఏమ్మా, నీకు నిద్రొస్తోందా? ఆ వేరుశనక్కాయలు ఇటివ్వు, నువ్వు లోపలికెళ్లు.

ఎక్కువసేపు అంటే ఎక్కువ మేలని అందరూ అనుకుంటారు. ఒక కుర్రాడి సంగతి చెప్తాను. ఇరవై ఏళ్లుంటాయేమో. ముంజేతి రెండు ఎముకలూ విరిగితే ఊళ్లో వెదురుబద్దలు పెట్టి బిగించి కట్టారు. రెండ్రోజులకి తెచ్చారు. కట్టు విప్పితే చెయ్యి గుమ్మడికాయంత ఉంది, వేళ్లు చల్లగా ఉన్నాయి. నేను బుపివకెయిన్ తీస్తుంటే మా ఆర్థో సర్జన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ చేతికి రాత్రంతా మొద్దు వద్దండీ. లోపల ఒత్తిడి పెరిగితే నాకు చెప్పేది నొప్పి ఒక్కటే. మూడు గంటల్లో నాకు వీడి వేళ్లు మాట్లాడాలి." ఒత్తిడికి కండరం చచ్చి చెయ్యి గద్దగోరులా ముడుచుకుపోయే జబ్బుని 1881లో రాసిపెట్టింది కూడా ఈ దేశపు సర్జనే, హాలె ఊరి ఫోక్‌మాన్. సరే, అడ్రినలిన్ వేసిన లిగ్నోకెయిన్ ఒక్కటే ఇచ్చాను. ఆపరేషన్ అయింది, పొద్దుగూకే సరికి చెయ్యి తెలివికొచ్చింది. రాత్రి తొమ్మిదింటికి వార్డులో వాడి చూపుడువేలు మెల్లగా వెనక్కి లాగితే వార్డంతా లేచేట్టు అరిచాడు. ఎముక నొప్పికి అట్లా అరవరు. అర్ధరాత్రిలోగా ముంజెయ్యి పొడుగునా కోసి ఒత్తిడి వదిలారు. చెయ్యి దక్కింది. నెలల తర్వాత అదే చేత్తో తేగలు మోసుకొచ్చి నాకిచ్చాడు. పన్నెండు గంటల బ్లాకు ఇచ్చుంటే వాడు హాయిగా నిద్రపోయేవాడు, చెయ్యి కూడా.

ఇప్పుడు రోజులు వేరు. 1994లో ఇదే డాన్యూబ్ దిగువన, వియన్నాలో, అల్ట్రాసౌండ్ కింద నరాల్నీ సూదినీ చూస్తూ కాలర్ ఎముక పైన బ్లాకు ఇచ్చారు. నేను రిటైరయ్యే ముందు మా దగ్గరికీ ఆ తెర వచ్చింది. ఊపిరితిత్తి తెల్లగా మెరుస్తూ జరుగుతుంటే, దాని మీద నరాలు ద్రాక్షగుత్తిలా, పక్కన ధమని ఎగిరెగిరి పడుతూ... కూలెన్‌కాంఫ్ చూస్తే ఏమనేవాడో. మందు సగానికి తగ్గింది. ఎక్కువ రోజులు కావాలంటే సన్నటి గొట్టం అక్కడే వదిలి పంపుతో ఇస్తున్నారు, తోడు మందు గొడవే లేదు. కానీ దానికి రాత్రి చూసేవాళ్లుండాలి. ఒక్క నర్సుకి అరవై మంచాలున్న చోట ఎవడు చూస్తాడు ఆ గొట్టాన్ని? అందుకే మన దగ్గర ఒక్క పోటులోనే తెల్లారిపోవాలన్న తాపత్రయం. పుస్తకాల వాళ్లకి అది అర్థం కాదు.

ఆ రాత్రి నర్సు గురించే ఈ ఆఖరిది. బ్లాకు పోయేటప్పుడు నొప్పి మెల్లగా రాదు. సున్నా నుంచి ఒకేసారి నెత్తికెక్కుతుంది, అదీ ఎప్పుడూ అర్ధరాత్రి దాటాకే. మావాళ్లెవరూ దాన్ని పట్టించుకోని రోజుల్లో ఆర్థో వార్డులో ఒక సిస్టరమ్మ ఉండేది. నల్ల ఫ్రేము కళ్లద్దాలు, నోరు భలే గట్టిది. చేతి ఆపరేషన్ కేసు వార్డుకి రాగానే కేస్‌షీటు పట్టుకుని థియేటరు గుమ్మం దగ్గరికి వచ్చేది.

"ఏం కలిపారు?"

చెప్పేవాణ్ణి. ఫలానా మందు, ఇన్ని మైక్రోగ్రాములని.

"అది నాకెందుకండీ? ఎన్నింటికి తెలివొస్తుందో ఆ టైము రాయండి. దానికి గంటన్నర ముందు లేపి మాత్రేస్తాను."

రాసేవాణ్ణి. రెండు గంటలకి, మూడు గంటలకి అని. ఆవిడ ఒక పాత పద్దుల పుస్తకంలో నేను రాసిన టైమూ, పేషెంటు నిజంగా కేకేసిన టైమూ పక్కపక్కన గీతలు గీసి రాసుకునేది. కొన్నాళ్లకి నేను టైము రాయబోతుంటే కలం అందుకుని తనే దిద్దేది. ఓ రోజు మా ప్రొఫెసరుగారి ఎదుటే ఆ పుస్తకం తెరిచి చూపించింది. "బక్కోళ్లకి మీరు చెప్పిందానికన్నా గంట ఎక్కువుంటుంది, సారాయోళ్లకి గంట తక్కువ. లావుపాటి ఆడోళ్లకి మీ లెక్క అసలు తగలట్లేదు. మీ పిల్లల థీసిస్‌లో ఇది రాయించండి, ఊరికే మైక్రోగ్రాములు రాయకుండా." ప్రొఫెసరుగారు ఆ పుస్తకం వారం రోజులు తన దగ్గరే పెట్టుకున్నారు. ఎనిమిదో రోజు సిస్టరమ్మ వచ్చి, రాత్రి పేషెంట్ల టైములు రాసుకోవడానికి కాగితం లేదని గొడవపెట్టి లాక్కుపోయింది.